ఇండీకి పేరు తెచ్చిన క్యాసెట్: మిక్స్‌టేప్ కథ

నచ్చిన పాటలు ఏరి, ప్లేలిస్ట్ చేసి, ఫ్రెండ్‌కి లింక్ పంపడానికి మనకి ఎంతసేపు పడుతుంది? ఐదు నిమిషాలు. 1980ల్లో ఇదే పనికి ఒక సాయంత్రం మొత్తం పోయేది. తొంభై నిమిషాల క్యాసెట్ నిండాలంటే కనీసం తొంభై నిమిషాలు పక్కనే కూర్చోవాలి. పాట అవ్వగానే పాజ్ నొక్కాలి, రికార్డు మార్చాలి. సైడ్ చివర్లో పాట సగంలో తెగిందా, వెనక్కి తిప్పి ఇంకో చిన్న పాట వెతుక్కోవాలి. అంత కష్టపడి చేసిన టేప్ ఎవరికి ఇస్తారు? ఆలోచించండి.

మన ఊళ్లలో అయితే పాటల లిస్టు కాగితం మీద రాసి, ఖాళీ క్యాసెట్‌తో పాటు రికార్డింగ్ షాపులో ఇచ్చి వచ్చేవాళ్లు. మీ నాన్నగారినో మావయ్యనో అడగండి, చెప్తారు. కాకపోతే అవి ఎక్కువగా సినిమా పాటలు.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ పెద్ద కంపెనీల బయట, చిన్న చిన్న లేబుల్స్‌లో పాడే బ్యాండ్లు చాలా ఉండేవి. ఇండిపెండెంట్ కాబట్టి ఇండీ. 1986లో ఎన్.ఎం.ఈ. అనే మ్యూజిక్ పత్రిక అలాంటి 22 బ్యాండ్ల నుంచి ఒక్కో పాట తీసుకుని, రఫ్ ట్రేడ్ లేబుల్‌తో కలిసి ఒక క్యాసెట్ చేసింది. పేరు సి86. సి అంటే క్యాసెట్, 86 అంటే ఆ సంవత్సరం. సి60, సి90 అని ఖాళీ క్యాసెట్ల మీద ఉంటుంది కదా, అదే స్టైల్. పాఠకులు పోస్టులో తెప్పించుకున్నారు.

మొదటి పాట ప్రైమల్ స్క్రీమ్‌ది, చివరిది వెడ్డింగ్ ప్రెజెంట్‌ది. మధ్యలో స్టంప్, బాగ్‌షెడ్ లాంటి గరుకైన, గందరగోళపు శబ్దాలు కూడా ఉన్నాయి. కానీ జనానికి గుర్తుండిపోయింది మాత్రం గలగలలాడే మెత్తటి గిటార్ పాటలే. సి86 అనేది క్యాసెట్ పేరు కాస్తా ఒక రకం సంగీతానికే పేరైపోయింది. ఏరింది ఒకటి, విన్నది ఇంకొకటి. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

అదే దశాబ్దంలో ఇంకో గొడవ కూడా నడిచింది. ఇంట్లో టేప్ చేసుకోవడం సంగీతాన్ని చంపేస్తోందని బ్రిటిష్ రికార్డు కంపెనీల సంఘం ప్రచారం మొదలుపెట్టింది. దాని లోగోలో పుర్రె స్థానంలో క్యాసెట్, కింద రెండు ఎముకలు! అమెరికాలో డెడ్ కెన్నెడీస్ బ్యాండ్ ఏం చేసిందంటే, 1981 నాటి తమ క్యాసెట్‌లో ఒక సైడ్ ఖాళీగా వదిలేసింది. మీరే రికార్డ్ చేసుకోండి అని దాని మీద రాసి మరీ. వెటకారం బాగుంది, నిజమే. కానీ కంపెనీల భయం పూర్తిగా అబద్ధం కూడా కాదు. టేప్‌లో విన్న ప్రతివాడూ వెళ్లి రికార్డు కొనడు. చిన్న బ్యాండ్‌కి ఆ కొద్ది అమ్మకాలే అద్దె డబ్బులు. మరోపక్క, టేప్ చేతులు మారకపోతే వాళ్ల పేరే ఎవరికీ తెలియదు.

చివరికి డబుల్ డెక్ మీద కేసు బ్రిటన్‌లో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. మెషిన్ అమ్మినంత మాత్రాన కాపీ చేయమని అనుమతి ఇచ్చినట్టు కాదని 1988లో తీర్పు వచ్చింది. ఆమ్‌స్ట్రాడ్ కంపెనీ గెలిచింది. డబుల్ డెక్‌ల అమ్మకం ఆగలేదు.