సున్తీ ఆచారం: ఎనిమిదో రోజు నుంచి యౌవనం వరకు

ఉక్కు కర్మాగారం కోసం దేశం నలుమూలల నుంచి తరలివచ్చినవారు పక్కపక్క క్వార్టర్లలో నివసించే భిలాయిలో తెలుగు కుటుంబాలకు పొరుగువారి సంస్కారాలు కొత్త కావు. ఒక ఇంట ఉపనయనం, మరొక ఇంట ఖత్నా జరుగుతుంటాయి. తెలుగులో ఈ రెండింటి పేర్లూ దగ్గరివే. ఉపనయనం వడుగు, ముస్లిం కుటుంబాల సున్తీని మన పల్లెల్లో ఒడుగులు అన్నారు. బాలుణ్ని తమవారిలో ఒకడిగా చేర్చుకోవడమనే భావమే ఆ పేరుకు మూలమై ఉండాలి.

శిశ్నాగ్రాన్ని కప్పి ఉండే చర్మాన్ని తొలగించడమే సున్తీ. ఈజిప్టులోని సక్కారాలో నాలుగు వేల ఏళ్లకు పైబడిన అంఖ్‌మహోర్ సమాధి గోడపై ఈ దృశ్యం చెక్కి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 నాటి అంచనా ప్రకారం 15 ఏళ్లు దాటిన పురుషుల్లో సుమారు 30 శాతం మందికి సున్తీ జరిగింది. వారిలో దాదాపు మూడింట రెండు వంతులు ముస్లింలు.

శస్త్రక్రియ ఒకటే అయినా, అది జరిగే వయసును బట్టి దాని అర్థం మారిపోతుంది. యూదులు శిశువు పుట్టిన ఎనిమిదో రోజున జరుపుతారు. వారికది అబ్రహాముతో దేవుడు చేసుకున్న నిబంధనకు గుర్తు. ఇస్లాంలో నిర్ణీత వయసు లేదు. ఖురాన్‌లో దీని ప్రస్తావన లేదు. ప్రవక్త సంప్రదాయంగా పాటిస్తారు. తుర్కియేలో బాలుడికి రాజకుమారుడి వేషం వేసి వేడుక చేస్తారు. ఫిలిప్పీన్స్‌లో క్రైస్తవులే అధికులైనా, బడి ఈడు పిల్లలకు వేసవి సెలవుల్లో ‘తులీ’ చేయించడం ఆనవాయితీ. దక్షిణాఫ్రికా ఖోసాలకు ఇది పురుషత్వంలోకి ప్రవేశం. నెల్సన్ మండేలాకు 16వ ఏట జరిగింది. అయితే అక్కడి దీక్షా శిబిరాల్లో అపరిశుభ్రత, అనుభవలేమి వల్ల యువకులు మరణిస్తున్న ఘటనలు ఏటా వార్తలకెక్కుతున్నాయి.

అమెరికాలో మతంతో నిమిత్తం లేకుండా ఆసుపత్రుల్లోనే నవజాత శిశువులకు చేసే అలవాటు 20వ శతాబ్దంలో స్థిరపడింది. 1979లో 64.5 శాతంగా ఉన్నది 2010 నాటికి 58.3 శాతానికి తగ్గింది. దక్షిణ కొరియాకు ఈ అలవాటు అమెరికా ప్రభావంతోనే చేరింది.

పసివాడి సమ్మతి మాటేమిటన్న ప్రశ్న నేటిది కాదు. 12 ఏళ్లు నిండకముందు సున్తీ చేయరాదని, ఆపైన బాలుడి ఇష్టానికి వదలాలని అక్బరు ఆజ్ఞాపించినట్లు బదాయూనీ రాశాడు. 2012లో జర్మనీలోని కొలోన్ న్యాయస్థానం మతపరమైన సున్తీని శారీరక హానిగా పరిగణించగా, అదే ఏడాది డిసెంబరులో పార్లమెంటు దానికి చట్టబద్ధత కల్పించింది.

వైద్యపరమైన కారణాలు వేరు. చర్మం బిగుసుకుపోయే స్థితిని సుశ్రుతుడు నిరుద్ధప్రకశమన్నాడు. క్రమంగా లావు పెంచుతూ గొట్టాలు చొప్పించి సడలించమన్నాడు. ఆఫ్రికాలో జరిగిన మూడు ప్రయోగాల్లో స్త్రీల నుంచి పురుషులకు హెచ్‌ఐవీ సోకే ముప్పు సున్తీ వల్ల సుమారు 60 శాతం తగ్గినట్లు తేలింది. ఆ రక్షణ పూర్తిది కాదు కనుక కండోమ్ అవసరం తీరదు.

శిశువుల్లో ఆ చర్మం వెనక్కి రాకపోవడం సహజమే, రోగం కాదు. సున్తీ చేయించదలచిన తల్లిదండ్రులు, కుటుంబంలో ఎవరికైనా రక్తం గడ్డకట్టని జబ్బు ఉంటే వైద్యుడికి ముందే చెప్పాలి. మూత్రద్వారం కిందివైపు ఉండే పుట్టులోపం ఉన్న బిడ్డకు సున్తీ చేయించరాదు. ఆ లోపాన్ని సరిచేసే శస్త్రచికిత్సకు ఆ చర్మమే కావలసి రావచ్చు.