ఇంజను చెప్పే మాట ఇనాలె

మంట దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, చలి కొరుకుతున్నది. పొద్దుగాల మీరు ఆ పాత అంబాసిడర్ బానెట్ లేపి, "తాతా, దీనికి పికప్ పెరగాలంటే ఏం సామాను మార్చాలె?" అని అడిగిండ్రు గద. అది ఒక్క మాటల తేలే ముచ్చట కాదు. అందుకే రాత్రికి రమ్మన్న.

ముందుగాల గా కాలం సంగతి ఇనుండ్రి. ఇయ్యాల మన ఊరు మోకిల అంటే విల్లాలు, పెద్ద పెద్ద గేట్లు. అప్పుడు జొన్న చేన్లు, కూరగాయల మడులు, నడుమ సన్నని తోవ. కారు వచ్చిందంటే పోరగాండ్లంత ఎంటవడి ఉరుకుతుండె. రోడ్డు మీద కనవడేటివి కూడ రెండు మూడు రకాలే. కలకత్తా దిక్కు ఉత్తరపారల తయారైన అంబాసిడర్, బొంబాయి ఫియట్, ఎప్పుడన్న ఒకటి మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్. ఆ ఫియట్‌కే తర్వాత ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది. డబ్బులు కట్టినా బండి చేతికొచ్చేసరికి ఏండ్లు పడుతుండె. 1983 డిసెంబరుల మారుతి వచ్చినంకనే ఆ కరువు మెల్లమెల్లగ తీరుకుంట వచ్చింది. అంత కష్టపడి తెచ్చుకున్న బండిని ఇంట్ల మనిషి లెక్క చూసుకునేటోళ్లు.

నేను పట్నంల షెడ్డుకు పని నేర్సుకునేటందుకు పోయిన. మా ఉస్తాద్ పానా చేతికియ్యలే. ముందు చెవి పెట్టుమన్నడు. బండి స్టార్ట్ చేసి, "ఏమంటుందో చెప్పు" అనేటోడు. మీద నుంచి టిక్కుటిక్కు మని సన్నగ కొట్టుకుంటే ట్యాపెట్ల గ్యాపు పెరిగినట్టు. ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బల గులకరాళ్లు ఏసి ఊపినట్టు చప్పుడైతే టైమింగ్ ముందుకు జరిగినట్టు. కింద నుంచి బరువుగ దబదబ అంటే బేరింగులు పోయినట్టు. పొగ కూడ మాట్లాడుతది. నీలం పొగ వచ్చిందా, రింగులు అరిగి ఆయిలు కాలుతున్నది. నల్లది వచ్చిందా, పెట్రోలు ఎక్కువ పోతున్నది. తెల్లది ఆగకుంట వస్తుందంటే గ్యాస్కెట్ పోయి నీళ్లు లోపలికి దిగుతున్నయ్.

ట్యాపెట్ల పని ఉస్తాద్ నేర్పిన తీరు ఇప్పటికీ నా చేతులల్ల ఉంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజనుకు నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు. రేడియేటర్ దిక్కు నుంచి లెక్కపెట్టాలె. హ్యాండిల్‌తోని ఇంజను మెల్లగ తిప్పాలె. ఎనిమిదో వాల్వు పూర్తిగ తెరుసుకున్నప్పుడు ఒకటోదాని గ్యాపు చూడాలె. ఆరోది తెరుసుకుంటే మూడోది. నాలుగోది తెరుసుకుంటే అయిదోది. ఆ రెండు అంకెలు కలిపితే ఎప్పుడూ తొమ్మిదే. కాయితం, కలం అక్కెర లేదు. ఇంచిని వెయ్యి భాగాలు చేస్తే అందుల పదిహేను భాగాలు గ్యాపు ఉండాలె. ఫీలర్ గేజ్ రేకు పెట్టి లాగితే జర పట్టినట్టు రావాలె, ఇరుక్కోవద్దు. గ్యాపు తక్కువైతే వాల్వు పూర్తిగ మూసుకోక కాలిపోతది. ఎక్కువైతే వాల్వు తెరుసుకునేది తగ్గి బండి గుంజదు. ఇప్పుడు చెప్పుండ్రి, పికప్ యాడ పోయింది?

డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు కూడ గంతే. అవి నల్లగ మాడితే నిప్పు రవ్వ బలంగ రాదు. సన్న పాలిష్ కాయితంతోని రుద్ది, గ్యాపు సరిచేస్తే సగం బీమారి పోతది. ప్లగ్గు ఇప్పి రంగు చూడుండ్రి. బిస్కెట్ రంగుల ఉంటే ఇంజను సుఖంగ ఉన్నట్టు.

ఎండకాలం హైదరాబాదు నుంచి వికారాబాదు పోవుడంటే మల్లొక పరీక్ష. ఇంజను వేడికి పంపుల పెట్రోలు ఆవిరైపోతుండె. పంపు గుంజలేక బండి నడి తోవల ఆగిపోయేది. అప్పుడు చేవెళ్ల రోడ్డు మర్రి చెట్లే దిక్కు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, 46 కిలోమీటర్ల పొడవున 900కు పైగ మర్రులు. బండిని నీడకు నెట్టి, తడి బట్ట పంపు మీద కప్పి, బానెట్ లేపి కూసునేటోళ్లం. చల్లారినంక మల్ల బయలుదేరేది. అనంతగిరి ఘాటు కాడ రెండో గేరుల మెల్లగ ఎక్కించి, పైకి పోయినంక రేడియేటర్ చల్లారేదాక మూత ముట్టకపోయేది. నీళ్ల డబ్బా లేకుంట ఏ డ్రైవరూ ఇల్లు దాటలే.

బ్యాటరీ పడుకుంటే హ్యాండిల్ కొట్టుడే. బొటనవేలు మిగిలిన వేళ్ల దిక్కే ఉండాలె, పిడి చుట్టు తిప్పొద్దు. ఇంజను ఎనకకు తన్నిందంటే వేలు ఇరుగుతది. ఇది మీరు ఇయ్యాలనే గుర్తుపెట్టుకోండ్రి.

పాత బండి అంటే పనికిరానిదని ఎవరన్న అంటే నేను చైతన్య రథం ముచ్చట చెప్త. 1982ల ఎన్టీ రామారావుగారు తెలుగుదేశం పార్టీ పెట్టి రాష్ట్రమంత తిరిగింది ఒక పాత షెవ్రొలే వ్యానులనే. నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ. ఎండ, వాన, రాత్రి, పగలు అనకుంట నడిచింది. మంచిగ అరుసుకుంటే ఇంజనుకు వయసు అడ్డం కాదని ఊరూరు కండ్లార చూసింది.

ఇగ ఇప్పటి కాలం ముచ్చట. 2000 సంవత్సరంల దేశమంత సీసం లేని పెట్రోలు వచ్చింది. గాలికి, పిల్లల ఆరోగ్యానికి అది మంచిదే. కాని పాత హెడ్డులల్ల వాల్వు సీట్లను ఆ సీసమే అరగకుంట కాపాడుతుండె. అందుకే హెడ్డు ఇప్పినప్పుడు గట్టి సీట్లు ఏయించుకోవాలె. ఇప్పుడేమో పెట్రోలుల నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్ కలుస్తున్నది. అది నీళ్లను గుంజుకుంటది, పాత రబ్బరును ఉబ్బిస్తది, మైలేజీ కూడ జర తగ్గుతది. కాబట్టి మీ బండికి పెట్రోలు పైపులు, పంపు డయాఫ్రం ఇథనాల్‌కు ఆగేటివి ఏయించుండ్రి. నెలల తరబడి ట్యాంకుల పెట్రోలు నిలువ పెట్టకుండ్రి. వారానికి ఒకసారన్న బండి బయటికి తీసి, ఇంజను పూర్తిగ వేడెక్కేదాక నడపుండ్రి. పదిహేనేండ్లు దాటిన బండి గనుక ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ గడువు దాటనియ్యకుండ్రి.

మీరు అడిగినదానికి నా జవాబు ఇది. ఆ ఇంజను పుట్టుకతోని తెచ్చుకున్న బలం సుమారు యాభై గుర్రాలు. మీ బండి అందుల సగమన్న ఇస్తుందో లేదో ముందు చూడుండ్రి. కంప్రెషన్ చూపియ్యుండ్రి, ట్యాపెట్లు, పాయింట్లు, ప్లగ్గులు సరిచేయుండ్రి, కార్బ్యురేటర్ ఇప్పి కడగుండ్రి, ఆయిలు మార్చుండ్రి, గ్రీజు కొట్టుండ్రి. పోయిన బలం చానామట్టుకు తిరిగొస్తది. ఇవి చెయ్యకుంట కొత్త సామాను బిగిస్తే పైసలు దండుగ, ఇంజను ఖరాబు. చెవితోని ఇని బండి బీమారి చెప్పే ఉస్తాదులు పట్నంల ఇంకా కొందరున్నరు. వాళ్లు ఉండంగనే పోయి, పక్కన కూసొని, ఆ పని చేతులతోని నేర్సుకోండ్రి బిడ్డా.