సూర్యుడి దూరం ఎవరు కొలిచారు?

2012 జూన్ 5, మంగళవారం. మధ్యాహ్నం త్వరగా ఆఫీసు నుంచి బయటపడి, మా అబ్బాయిని స్కూలు దగ్గర ఎక్కించుకుని ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. ఫ్రీమాంట్‌లో మా ఇంటి డ్రైవ్‌వేలోనే నిలబడ్డాం. అంతకు రెండు వారాల ముందు, మే 20న, కాలిఫోర్నియాలో కంకణ సూర్యగ్రహణం వచ్చింది. దానికోసం కొన్న అట్ట కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. అవి పెట్టుకుని చూస్తే సూర్యబింబం మీద మిరియపు గింజలాంటి నల్లటి చుక్క ఒకటి కనిపించింది. అదే శుక్రుడు.

భూమికీ సూర్యుడికీ మధ్యలోంచి శుక్రుడు ఇలా దాటిపోవడాన్ని వీనస్ ట్రాన్సిట్ అంటారు. ఎనిమిదేళ్ళ ఎడంతో జంటగా వస్తుంది, ఆ తర్వాత వందేళ్ళకు పైగా రాదు. 2004లో ఒకటి వచ్చింది, 2012లో రెండోది. మళ్ళీ 2117 డిసెంబరులోనే. ఈ సావనీర్ తిరగేస్తున్న మనలో ఎవరమూ దాన్ని చూడం. స్ట్రోలర్లో కూర్చుని కన్వెన్షన్‌కి వచ్చిన చిన్నారులెవరైనా చూస్తారేమో!

మావాడికి అప్పుడు ఏడేళ్ళు. "నాన్నా, సన్ ఎంత దూరం?" అన్నాడు. "93 మిలియన్ మైళ్ళు" అన్నాను. "ఎవరు మెజర్ చేశారు?"

కెప్లర్ అనబోయి ఆగిపోయాను. ఎందుకంటే కెప్లర్ కొలవలేదు. ఇంటర్లో మనందరం బట్టీపట్టిన మూడో నియమం గుర్తుండే ఉంటుంది. గ్రహం ఒక చుట్టు తిరిగే కాలం వర్గం, సూర్యుడి నుంచి దాని సగటు దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. ఎంసెట్‌లో దీని మీద ఒక బిట్ రావడం ఖాయం. దూరం నాలుగు రెట్లయితే కాలం ఎన్ని రెట్లు? ఎనిమిది. మార్కు వచ్చేది, ముందుకు పోయేవాళ్ళం. ఆ నియమంలో కిలోమీటర్లు ఎక్కడా లేవన్న సంగతి నాకు ముప్ఫై దాటాక, డ్రైవ్‌వేలో నిలబడితే గాని తట్టలేదు.

కెప్లర్ ఆ నియమాన్ని ఖాయం చేసుకున్నది 1618 మే 15న. అంతకు మూడు నెలల ముందు కూతురు చనిపోయింది. తల్లి మంత్రగత్తె అని ఊళ్ళోవాళ్ళు వేసిన అభియోగం నడుస్తోంది. ఆ మరుసటి వారమే ప్రాగ్‌లో మొదలైన గొడవ ముప్ఫై ఏళ్ళ యుద్ధంగా మారింది. ఇవన్నీ నెత్తిన పెట్టుకుని ఆయన గ్రహాల లెక్కలు చేశాడు. 1619లో పుస్తకం అచ్చయింది. ఆ నియమంతో శుక్రుడి సంగతి మనమే తేల్చుకోవచ్చు. శుక్రుడికి ఒక చుట్టుకు 224.7 రోజులు, అంటే 0.615 సంవత్సరం. దాని వర్గం 0.378. దానికి ఘనమూలం తీస్తే 0.723. భూమి దూరం 1 అనుకుంటే శుక్రుడి దూరం 0.723 అన్నమాట. కాలిక్యులేటర్ ఉంటే అర నిమిషం పని.

కానీ ఆ "1" ఎంత? ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. సూర్యుడి దూరం భూమి వ్యాసార్ధానికి సుమారు 3,500 రెట్లు ఉండవచ్చని కెప్లర్ అంచనా. నిజానికది దాదాపు 23,500 రెట్లు. గ్రహాల దూరాల నిష్పత్తులు అంత చక్కగా చెప్పగలిగినవాడు మొత్తం సౌరకుటుంబాన్ని దాదాపు ఏడో వంతుకు కుదించి ఊహించుకున్నాడు. అయినా ఆయన నియమం చెక్కు చెదరలేదు. స్కేలు ముద్రించని మ్యాపు లాంటిదది. హైదరాబాదు, బెజవాడ, వైజాగ్ ఏది ఎటు ఉందో సరిగ్గా చూపిస్తుంది. ఎన్ని మైళ్ళని మాత్రం చెప్పదు.

న్యూటన్ కూడా ఈ ఇబ్బంది తప్పించుకోలేదు. గురుత్వాకర్షణ సూత్రంతో కెప్లర్ నియమాలు ఎందుకు నిజమో 1687లో ప్రిన్సిపియాలో నిరూపించాడు. (ఆ పుస్తకం అచ్చు ఖర్చు హేలీ తన జేబులోంచి పెట్టుకున్నాడు. రాయల్ సొసైటీ డబ్బంతా అంతకుముందే చేపల చరిత్ర మీద ఒక పుస్తకానికి ఖర్చయిపోయింది!) అదే ప్రిన్సిపియా 1726 నాటి మూడో ముద్రణలో సూర్యుడి ద్రవ్యరాశి భూమికి 1,69,282 రెట్లని ఉంటుంది. అసలు విలువ సుమారు 3,33,000 రెట్లు. సూత్రం సరైనదే. అందులో వేసిన సూర్యుడి దూరం తక్కువ, లెక్కలో దూరం ఘనం వస్తుంది కాబట్టి చిన్న తప్పు పెద్దదైపోయింది. మన ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే కోడ్ కరెక్టే, ఇన్‌పుట్ తప్పు.

ఆ ఇన్‌పుట్ తెచ్చిపెట్టేది శుక్రుడే.

కెప్లర్ తన పట్టికలతో 1631లో బుధుడు, శుక్రుడు ఇద్దరూ సూర్యుడి మీదుగా దాటుతారని ముందే చెప్పి, అది చూడకుండానే 1630లో పోయాడు. 1639లో మళ్ళీ శుక్రుడు దాటతాడని లెక్కగట్టినవాడు జెరెమయా హారక్స్ అనే ఇరవై ఏళ్ళ ఇంగ్లీషు కుర్రాడు. ప్రెస్టన్ దగ్గర మచ్ హూల్ అనే పల్లెలో, టెలిస్కోపులోంచి సూర్యబింబాన్ని కాగితం మీద పడేలా చేసి, డిసెంబరు 4న (వాళ్ళ పాత కేలండరులో నవంబరు 24, ఆదివారం) ఆ చుక్కను చూశాడు. అతనూ, ఉత్తరం రాసి చెప్పిన స్నేహితుడు విలియం క్రాబ్‌ట్రీ తప్ప ఆ రోజు దాన్ని చూసినట్టు దాఖలా ఇంకెవరిదీ లేదు. హారక్స్ 1641 జనవరిలో, ఇరవై రెండేళ్ళకే చనిపోయాడు.

ఆ చుక్కతో దూరం కొలిచే ఉపాయాన్ని హేలీ 1716లో వివరంగా రాశాడు. ఉపాయం ఇది. బొటనవేలు ముఖం ముందు పెట్టుకుని ఒక కన్ను మూసి ఒకసారి, రెండో కన్ను మూసి ఒకసారి చూడండి. వెనక గోడ మీద వేలు పక్కకు జరిగినట్టుంటుంది. ఇక్కడ వేలు శుక్రుడు, గోడ సూర్యుడు, రెండు కళ్ళు భూమి మీద ఉత్తరాన ఒకడు, దక్షిణాన ఒకడు. వాళ్ళిద్దరి మధ్య 10,000 కిలోమీటర్లు ఉందనుకుందాం. శుక్రుడు మనకు 0.277 దూరంలో, సూర్యుడు శుక్రుడికి ఆవల 0.723 దూరంలో ఉన్నారు. 723ని 277తో భాగిస్తే 2.61. కాబట్టి సూర్యుడి మీద ఆ రెండు దారుల మధ్య ఎడం 26,100 కిలోమీటర్లు. కెప్లర్ నిష్పత్తి లేకపోతే ఈ అడుగు పడదు. ఇక ఆ ఎడం సూర్యబింబం వెడల్పులో ఎన్నో వంతో చూడాలి. సుమారు 53వ వంతని తేలిందనుకోండి, సూర్యుడి వెడల్పు 13.8 లక్షల కిలోమీటర్లు. ఏ వస్తువైనా ఆకాశంలో సూర్యుడంత కనిపించాలంటే దాని వెడల్పుకి 107 రెట్ల దూరంలో ఉండాలి. గుణించండి, 15 కోట్ల కిలోమీటర్లకు కాస్త తక్కువగా వస్తుంది.

ఆ 53వ వంతును నేరుగా కొలవడం కష్టం. చుక్క బింబాన్ని దాటడానికి ఒక్కొక్కరికి ఎంతసేపు పట్టిందో గడియారంతో చూసుకుంటే చాలన్నది హేలీ తెలివి. కాకపోతే తర్వాతి ట్రాన్సిట్ 1761లో, అప్పటికి తాను ఉండనని తెలుసు. మీరు వదిలిపెట్టకండని కుర్రవాళ్ళకు రాసిపెట్టి 1742లో పోయాడు.

కుర్రవాళ్ళు వదిలిపెట్టలేదు. 1761, 1769 ట్రాన్సిట్‌ల కోసం సైబీరియా నుంచి తాహితీ దాకా మనుషులు వెళ్ళారు. వీళ్ళలో లె జాంతీ అనే ఫ్రెంచి పండితుడి కథ నేను మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. పుదుచ్చేరి నుంచి చూద్దామని 1760లో ఫ్రాన్సులో ఓడెక్కాడు. మారిషస్ మీదుగా వచ్చేసరికి పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ళ చేతిలో పడింది. 1761 జూన్ 6న ఆకాశం తేటగానే ఉంది, ఆయన మాత్రం ఊగుతున్న ఓడ మీద ఉన్నాడు. ఆ ఊపులో తీసిన లెక్క దేనికీ పనికిరాదు. ఇంటికి పోకుండా ఎనిమిదేళ్ళు ఇటే ఉండిపోయాడు. మనీలా వెళ్ళాడు. పుదుచ్చేరి మళ్ళీ ఫ్రెంచివాళ్ళకు దక్కాక 1768లో వచ్చి, శిథిలమైన కోటలో పరిశీలనకు ఏర్పాట్లు చేసుకున్నాడు. 1769 జూన్ 4 తెల్లవారుజామున మబ్బు పట్టింది. ట్రాన్సిట్ అయిపోయాక ఎండ కాసింది. మనీలాలో ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉందట! 1771లో ఇల్లు చేరితే ఆయన చనిపోయాడనుకుని వారసులు ఆస్తి పంచుకునే పనిలో ఉన్నారు, అకాడమీలో సీటు ఇంకొకరికి ఇచ్చేశారు.

మన అమెరికా వాళ్ళకు తెలిసిన పేర్లూ ఇందులో ఉన్నాయి. పెన్సిల్వేనియా, మేరీలాండ్ సరిహద్దు గీసిన మేసన్, డిక్సన్ ఇద్దరూ అంతకుముందు 1761లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ నుంచి ట్రాన్సిట్ చూసినవాళ్ళే. ఫిలడెల్ఫియా రిటెన్‌హౌస్ స్క్వేర్ ఎవరి పేరనుకున్నారు? 1769లో ఊరి బయట తన పొలంలో అబ్జర్వేటరీ కట్టి ట్రాన్సిట్ చూసిన డేవిడ్ రిటెన్‌హౌస్ పేరు. ఎదురుచూసిన క్షణం వచ్చేసరికి ఉద్వేగంతో ఆయనకు స్పృహ తప్పినంత పనైందని చెబుతారు.

ఫలితం? అనుకున్నంత కచ్చితంగా రాలేదు. శుక్రుడి చుక్క సూర్యుడి అంచు వదిలే వేళ తేనెబొట్టులా సాగి, నల్లటి దారంతో అంచుకు అతుక్కున్నట్టు కనిపించింది. ఏ సెకనులో విడిపోయిందో తెలియదు. తాహితీలో ఒకేచోట ఉన్న కెప్టెన్ కుక్‌కీ, చార్లెస్ గ్రీన్‌కీ కూడా సెకన్లు కలవలేదు. అయినా 1771లో థామస్ హార్న్స్‌బీ అన్నీ కలిపి లెక్కవేసి 9,37,26,900 మైళ్ళన్నాడు. ఇప్పటి విలువ 9,29,55,807 మైళ్ళు. నూటికి ఒక్క పాలు కూడా తేడా లేదు! కొయ్య ఓడల కాలంలో, లోలకం గడియారాలతో. నాకైతే ఇది చంద్రుడి మీద కాలు పెట్టినదానికి తీసిపోని పని అనిపిస్తుంది.

తర్వాతి జంట 1874, 1882. ఇక్కడికొచ్చేసరికి నేను చదువుతున్న పుస్తకంలో "వైజాగపటం" అని కనిపించింది. కుర్చీలోంచి లేచాను. నేను ఇంజనీరింగ్ చదివింది విశాఖపట్నంలో. నాలుగేళ్ళు డాబాగార్డెన్స్ మీదుగా సిటీ బస్సులో తిరిగాను. అక్కడే గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు 1840 ప్రాంతంలో సొంత డబ్బుతో అబ్జర్వేటరీ పెట్టాడు. మద్రాసు అబ్జర్వేటరీలో టేలర్ దొర దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని వచ్చి పెట్టాడది. 1856లో ఆయన పోయాక అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నడిపించాడు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ఫెలో అయ్యాడు. 1868 ఆగస్టు నాటి గుంటూరు సూర్యగ్రహణం గురించి, దాన్ని చూడ్డానికి వచ్చిన జాన్సెన్ గురించి మనవాళ్ళు తరచూ చెప్పుకుంటారు. నర్సింగరావు పేరు మాత్రం నాకు ఏ పాఠంలోనూ తగల్లేదు.

1874 డిసెంబరు 9. విశాఖలో ఉదయం ఏడున్నర లోపే చుక్క సూర్యుడి మీదికి వచ్చింది, మధ్యాహ్నం దాకా ఉంది. నర్సింగరావు తన టెలిస్కోపుతో చూసి రాసిన సంగతులు ఆ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేసే చింతామణి రఘునాథాచారి ఆ ట్రాన్సిట్‌ను జనానికి చెప్పడానికి పండితుడికీ సిద్ధాంతికీ మధ్య సంభాషణగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. పంచాంగం చేతిలో ఉన్నవాళ్ళకు వాళ్ళ భాషలోనే చెప్పాలని ఆయన తాపత్రయం.

నర్సింగరావు చూసినదాంతోనే సూర్యుడి దూరం తేలిపోయిందని నేను అనను. 1874లో కెమెరాలు పెట్టినా ఆ నల్లదారం బెడద తీరలేదు, దేశదేశాల లెక్కలు ఒకదానితో ఒకటి సరిగా కలవలేదు. చివరికి 1961లో శుక్రుడి మీదికి రాడార్ పంపి, ప్రతిధ్వని వచ్చేదాకా పట్టిన సమయం కొలిచాక ఆ చిక్కు వీడింది. మేము డ్రైవ్‌వేలో నిలబడ్డ రెండు నెలలకు, 2012 ఆగస్టులో, ఖగోళశాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సమాఖ్య ఆ "1"ని 14,95,97,870.7 కిలోమీటర్లుగా స్థిరపరిచింది. ఇక దాన్ని కొలవక్కర్లేదు, అది నిర్వచనం. కానీ అంతకుముందు కొలిచినవాళ్ళ వరసలో డాబాగార్డెన్స్‌ది కూడా ఒక పేరు.

తర్వాత విశాఖ వెళ్ళినప్పుడు ఒక పొద్దున మావాణ్ణి వెంటబెట్టుకుని ఆ వీధులు తిరిగాను. అబ్జర్వేటరీ ఎక్కడుండేదని అడిగితే చెప్పగలిగినవాళ్ళు కనిపించలేదు. ఒక టీకొట్టు పెద్దాయన "కైలాసగిరి మీద ఏమన్నా ఉందేమో చూడండి బాబూ" అన్నాడు. బెంచీ మీద కూర్చుని, టీ చల్లారేలోగా, మావాడికి 723ని 277తో భాగించడం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. 107తో గుణకారం వాడే చేశాడు, నాప్‌కిన్ మీద.