ఒక పట్టీ ఎక్కువైంది

పోయిన చలికాలంలో బెంగళూరు నుంచి ఒకాయన పాత ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కారును హిందూపురానికి, మా షెడ్డుకు తెచ్చినాడు. ఇద్దరు కూర్చునే ఎర్ర స్పోర్ట్స్ కారు. మలుపులో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, వెనక భాగం లేచి పక్కకు పోతోందన్నాడు. షాక్ అబ్జార్బర్లు మార్పించినా, టైర్లు మార్పించినా తగ్గలేదంట. ఆ కారును నేను అంతకుముందు ముట్టింది లేదు. కానీ కింద పడుకొని చూస్తే ఆ వెనక భాగం నాకు బాగా తెలిసిందే. డిఫరెన్షియల్ మీద అడ్డంగా బిగించిన, ఉక్కు పట్టీలు పేర్చిన ఒకే కమాన్ కట్ట, దాని రెండు కొసలకు రెండు చక్రాలు. అచ్చం మా స్టాండర్డ్ హెరాల్డ్.

హెరాల్డ్ ఇంగ్లండులో 1959లో పుట్టింది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి దాన్ని తయారుచేసినారు. ఇంగ్లండులో 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్‌కు చట్రం కురచయింది గానీ వెనక ఏర్పాటు హెరాల్డ్‌దే.

నేను 1968లో మా మామ షెడ్డులో పనికి చేరినాను. అప్పుడు హిందూపురంలో బెల్లం, చింతపండు మండీలకు లారీలు, ఎద్దుల బండ్లు, స్టేషను దగ్గర జట్కాలు. మా పక్కనే కొలిమి. జట్కా కమాన్ కుంగితే పట్టీలు విప్పి, కాల్చి, సుత్తెతో మళ్లీ వంపు ఎత్తేవాళ్లు. లారీ కుంగితే ఇంకో పట్టీ చేర్చేవాళ్లు. బరువెక్కువైతే పట్టీ ఎక్కువ. మాకు తెలిసిన శాస్త్రం అంతే, లారీకి అది చాలింది కూడా. లారీకి గానీ అంబాసిడర్‌కు గానీ వెనక రెండు చక్రాలను కలిపే గట్టి హౌసింగ్ ఉంటుంది. కమాన్ ఎంత ఎత్తినా చక్రం నిటారుగానే నిలుస్తుంది.

హెరాల్డ్‌కు ఆ హౌసింగ్ లేదు. డిఫరెన్షియల్ చట్రానికే బిగించి ఉంటుంది. ఒక్కో చక్రం డిఫరెన్షియల్ పక్కనుండే క్రాస్ జాయింటు దగ్గర మడత పడి, తలుపు మాదిరి పైకీ కిందికీ ఊగుతుంది. వెనక బరువు పడితే చక్రాల తలలు లోపలికి వాలతాయి, వెనక భాగం ఎత్తయితే బయటికి వాలతాయి.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన తన హెరాల్డ్‌లో చీరల మూటలు వేసుకొని బెంగళూరు పోయేవాడు. “మేస్త్రీ, వెనక కూలబడిపోతాంది, ఏమన్నా చెయ్యప్పా” అన్నాడు మామతో. మామ ఒక పట్టీ చేర్పించినాడు. మూటలతో పోయేటప్పుడు కారు చక్కగా నిలిచింది. బెంగళూరులో మూటలు దించేసి ఖాళీగా తిరిగొస్తూ పెనుకొండ దగ్గర మలుపులో ఎదురుగా బండి కనబడి ఆయన ఒక్కసారిగా కాలు తీసినాడు. వెనక లేచింది, బయటి చక్రం కిందికి ముడుచుకుంది, కారు తిరిగి చేలో పడింది. మనిషికి చెయ్యి విరిగింది. ఊరంతా హెరాల్డ్ చెడ్డ బండి అన్నారు. మామ ఆ మాట ఒప్పుకోలేదు, కానీ కారణమూ చెప్పలేకపోయినాడు.

చెప్పింది మద్రాసులో హెరాల్డ్ పని నేర్చి వచ్చిన ఒక మేస్త్రీ. పట్టీ ఎక్కువై, ఖాళీ కారు వెనక ఎత్తుగా నిలవడమే కారణమన్నాడు. ఆయన ముందు జాకీ దించి, కారును పది అడుగులు తొయ్యమన్నాడు. జాకీ మీద నుంచి దించినాక టైర్లు నేలను పట్టుకొని చక్రాలను ముడుచుకొనే ఉంచుతాయి, దొర్లితే గానీ అసలు వాలు తెలియదు. తొయ్యకుండా చూసి మంచి కమాన్లను ఎన్ని విప్పినామో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. తర్వాత టైరు చూపించినాడు. లోపలి అంచు అరిగితే కమాన్ కుంగినట్టు. కాలు వేసినప్పుడూ తీసినప్పుడూ తోక తనంతట తాను దారి మార్చుకుంటే, చక్రాన్ని ముందు నుంచి పట్టుకొనే రాడ్డు బుష్‌లు పోయినట్టు. చక్రాన్ని ఎత్తి, పైనా కిందా పట్టుకొని ఊపితే బేరింగు, కింది బుష్‌ల లూజు చేతికే తెలుస్తుంది. ఈ వరుసలో ఎక్కడా ఇంకో పట్టీ లేదు.

హెరాల్డ్ వెనక ఏర్పాటు మీద మన మెకానిక్కులకు నమ్మకం కుదరలేదు. 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు అంబాసిడర్ మాదిరి గట్టి యాక్సిలే పెట్టినారు. ఇంగ్లండులో మాత్రం అడ్డం కమాన్‌ను ఉంచుకొనే, 1970లో స్పిట్‌ఫైర్ కమాన్ బిగింపును మార్చినారు. అడుగు పట్టీ ఒక్కటే డిఫరెన్షియల్‌కు గట్టిగా బిగించి, మిగతావి మధ్యలో ఊగేట్టు వదిలినారు. పట్టీ చేర్చడం కాదు, పట్టు సడలించడం. దాన్ని కనిపెట్టినవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

బెంగళూరాయన కారు అంతకంటే పాతది. పది అడుగులు తోసినాక కూడా చక్రాల తలలు బయటికే ఉన్నాయి. కట్ట విప్పితే ఒక పట్టీ మందం వేరు, ఉక్కు వేరు. ఎవరో ఎప్పుడో చేర్చినది. తీసేసి, బుష్‌లు మార్చి, ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకొని పెనుకొండ దాకా పోయినాను. ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ ముందు కొత్త సెల్టోస్‌లు లారీల మీద ఎక్కి ఉన్నాయి. 2019 నుంచి అక్కడ చేస్తున్న ఆ బండ్లకు వెనక కమానే లేదు. రెండు చక్రాల మధ్య మెలి తిరిగే ఉక్కు దూలం, కాయిల్ స్ప్రింగులు. పాత మలుపులో నేను కావాలనే కాలు తీసినాను. వెనక లేవలేదు.

ధర్మవరం కారు నుంచి విప్పిన పట్టీని మామ పారెయ్యలేదు. కొలిమిలో ఇచ్చి మచ్చుకత్తి చేయించినాడు. చింతకొమ్మలు కొట్టను ఇప్పటికీ ఇంట్లో అదే వాడతాము.