కళింగం పేరు తిట్టుగా మారిన కథ

మలేషియాలోని పెనాంగ్ దీవిలో, జార్జ్‌టౌన్ నడిబొడ్డున, కపితాన్ కెలింగ్ మసీదు ఉంది. 1801 నాటిది. దక్షిణ భారత ముస్లిం వర్తకుల పెద్ద కాదర్ మొహిద్దీన్ పేరుతో ముడిపడిన మసీదు అది. ఆయన హోదాయే కపితాన్ కెలింగ్, అంటే కెలింగుల నాయకుడు. యాత్రికులు ఆ పేరు చదివి, తెల్లని గోడల ముందు ఫొటోలు దిగి వెళ్తుంటారు. అదే ఊళ్లో భారతీయ సంతతి పిల్లవాణ్ణి బళ్లో తోటివాడు 'కెలింగ్' అని పిలిస్తే మాత్రం గొడవైపోతుంది. నల్లవాడివి, కూలివాడివి, ఈ నేల నీది కాదు అన్న మూడు మాటలూ ఆ ఒక్క పిలుపులోనే ఉన్నాయి. మలేషియాలోనూ సింగపూరులోనూ మనవాళ్ల మీద వాడే తిట్లలో ఇంతగా గుచ్చుకునేవి తక్కువ. దీని పుట్టుక మాత్రం మన తీరానే జరిగింది.

కెలింగ్ అంటే కళింగం. పండితుల్లో ఎక్కువమంది ఒప్పుకున్న విషయమిది. వంశధార ఒడ్డున తూర్పు గాంగుల పాత రాజధాని ముఖలింగం ఉంది. అదే నదికి దిగువన శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. నది సముద్రంలో కలిసేచోట కళింగపట్నం రేవు ఉంది. చలికాలపు ఈశాన్యపు గాలితో ఓడలు తూర్పు దీవులకు వెళ్లి, నైరుతి గాలి తిరిగాక వెనక్కి వచ్చేవి. ఆ ఓడల మీద వచ్చినవాళ్లను అక్కడివాళ్లు వాళ్ల దేశం పేరుతోనే పిలిచారు. 11వ శతాబ్దంలో జావా రాజు ఐర్లంగ కాలపు శాసనాలు పరదేశీయుల్ని వరుసగా పేర్కొంటూ 'క్లింగ్' అన్న పేరు చెబుతాయి. అదే వరుసలో ద్రవిడులూ సింహళులూ వేరుగా కనిపిస్తారు. అంటే అప్పటికి క్లింగ్ అంటే ఒక ప్రత్యేక ప్రాంతం నుంచి వచ్చినవాడే. తర్వాతి శతాబ్దాల్లో ఆ గీతలు చెరిగిపోయి, తెలుగువాడూ తమిళుడూ, హిందువూ ముస్లిమూ, దక్షిణాది నుంచి వచ్చిన ప్రతివాడూ కెలింగే అయ్యాడు.

మలక్కా సుల్తానుల కాలానికి ఆ పేరుకు ఎంత దర్జా ఉండేదో చూస్తే నేటి తిట్టు మరింత బాధ పెడుతుంది. మలయ్ రాజవంశాల కథ చెప్పే సెజరా మెలాయులో 'బెనువా కెలింగ్', అంటే కెలింగ్ దేశం, మహారాజుల దేశం. అక్కడి నుంచి వచ్చిన మణి పురిందన్ మలక్కాలో స్థిరపడ్డాడు. ఆయన కూతురి కొడుకే 15వ శతాబ్దంలో సుల్తాన్ ముజఫర్ షాగా గద్దెనెక్కాడు. మణి పురిందన్ సంతతిలోంచే బెందహారలు, అంటే ప్రధానమంత్రులు, వచ్చారు. హికాయత్ హాంగ్ తువా అనే వీరగాథలో కథానాయకుడు రాయబారిగా కెలింగ్ దేశానికి ఓడెక్కుతాడు. అతను వెళ్లేది బిజయనగరానికి, అక్కడి రాజు పేరు కిస్న రాయన్. విజయనగరమూ కృష్ణరాయలూ మలయ్ గాథలో అలా నిలిచిపోయారు. ఆ గాథ విన్నవాళ్లకు కెలింగ్ అంటే ఏనుగులు, గుళ్లు, సంపద. మలయ్ జాతి తన మహావీరుణ్ణి పంపి చూపించదగ్గ దేశం.

పోర్చుగీసువాడు తొమే పిరెస్ 1510ల్లో రాసిన వివరాలను బట్టి మలక్కా రేవులో నలుగురు షాబందర్లు, అంటే రేవు అధికారులు, ఉండేవారు. వాళ్లలో ఒకడు కెలింగులతో పాటు బెంగాలు, పెగూ, పసై వర్తకుల వ్యవహారాలు చూసేవాడు. పులికాట్ నుంచీ కోరమండల్ రేవుల నుంచీ వచ్చే అద్దకపు బట్టలకు ఆ దీవుల్లో చాలా గిరాకీ. సుగంధ ద్రవ్యాలు కొనాలంటే ఆ బట్టే చెల్లుబాటయ్యే సరుకు. ఆ వర్తకుల్లో నీనా చాటు అన్న హిందూ కెలింగ్ 1509లో సుల్తాను పట్టుకున్న పోర్చుగీసు బందీలకు సాయం చేశాడు. 1511లో పోర్చుగీసు సేనాని అల్బుకెర్క్ మలక్కాను గెలిచాక, కృతజ్ఞతగా అతన్ని బెందహారగా నియమించాడు. మూడేళ్లకే ఆ పదవి తీసేశారు. ఆ అవమానం భరించలేక నీనా చాటు చితి పేర్చుకుని అందులో ప్రాణాలు వదిలాడు. పరాయి రాజ్యాన్ని నమ్మినవాడికి జరిగిన అన్యాయంగానే నేను దాన్ని చూస్తాను. కానీ అంత అవమానంలోనూ అతని జాతి పేరును ఎవరూ తిట్టుగా వాడినట్టు కనిపించదు. 1613లో పటకర్త ఎరెదియా గీసిన మలక్కా పటంలో ఆ వర్తకులుండే వాడ పేరు కెలింగ్ వాడే. 1748లో అక్కడ లేచిన మసీదు కూడా ఆ పేరుతోనే నేటికీ నిలిచింది.

19వ శతాబ్దం నడిమికి వచ్చినా పాత అర్థం పూర్తిగా పోలేదు. ఆధునిక మలయ్ గద్యానికి తండ్రి అనిపించుకున్న మున్షీ అబ్దుల్లాది తమిళ, అరబ్ సంతతి. మలక్కాలో పుట్టిన ఆయన 1849లో అచ్చైన తన జీవితకథలో, తండ్రి తనను కెలింగ్ భాష, అంటే తమిళం, నేర్చుకోవడానికి పంపాడని మామూలుగా రాసుకున్నాడు. మలక్కా వ్యాపారుల లెక్కలకు అది అవసరమైన భాష. ఆ మాట రాస్తున్నప్పుడు ఆయనకు సిగ్గూ కోపమూ ఏమీ లేవు.

అయితే ఆయన కళ్లముందే ఓడల్లో వచ్చే మనుషులు మారిపోతున్నారు. 1825 నుంచి బ్రిటిష్‌వాళ్లు భారతీయ ఖైదీలను సింగపూరుకు తరలించారు. రోడ్లు, కాలువలు, ఆఖరికి సెయింట్ ఆండ్రూస్ చర్చి కూడా వాళ్ల చెమటతో లేచినవే. ఈ ఖైదీల కాళ్లకున్న గొలుసుల చప్పుడు నుంచే 'క్లింగ్' అన్న మాట పుట్టిందని అక్కడ ఒక కథ వ్యాపించింది. అది శుద్ధ అబద్ధం. ఖైదీలు దిగడానికి ఎనిమిది వందల ఏళ్ల ముందే ఆ మాట జావా శాసనాల్లో చెక్కి ఉంది. కానీ జనం దాన్ని నమ్మారు, నేటికీ కొందరు నమ్ముతారు. ఒక మాట విలువ ఎంత పడిపోయిందో దాని చరిత్ర కన్నా ఈ అబద్ధమే బాగా చెబుతుంది. కళింగ రాజ్యం గుర్తులోంచి జారిపోయి, ఆ చోట సంకెల వచ్చి కూర్చుంది.

ఖైదీల తర్వాత తోటకూలీలు వచ్చారు. ముందు చెరకు, కాఫీ, ఆపైన 20వ శతాబ్దం తొలి దశకంలో ఊపందుకున్న రబ్బరు. కరారు కూలీ పద్ధతిని మలయాలో 1910లో ఎత్తేసినా, కంగాణీల, అంటే కూలీ మేస్త్రీల, ద్వారా మనుషుల్ని పోగుచేసే పద్ధతి భారత ప్రభుత్వం 1938లో ఆపే దాకా సాగింది. వీళ్లలో అధికులు తమిళులు. వాళ్లతో పాటు విశాఖ ప్రాంతం నుంచీ చిత్తూరు వైపు నుంచీ వెళ్లిన తెలుగువాళ్లు పెరాక్ రాష్ట్రంలో బగాన్ దతో చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో కుదురుకున్నారు. తోట లైన్ల ఇళ్లు, కల్లు దుకాణం, దొర, కంగాణీ, ఇదే లోకం. ఆ బతుకును కల్పించినది తోటల యాజమాన్యం. నింద మాత్రం బతికినవాళ్ల మీద పడింది. తాగుబోతుతనం, మాట తప్పడం, కారునలుపు, ఇలా ఒక్కోదానికీ కెలింగ్ పేరును జోడించిన పలుకుబళ్లు మలయ్‌లో స్థిరపడ్డాయి. వాటిలో ఒకటి నన్ను వదలదు. గోలగోలగా అరిచేవాళ్లను ఓడ మునిగిన కెలింగులతో పోలుస్తారు. ఎగతాళిలోనైనా వాళ్లు సముద్రం మీద తిరిగిన జనమన్న గుర్తు అందులో మిగిలిపోయింది.

ఇలాంటిదే మరో పేరు బర్మాలో మన తీరానికే అంటుకుంది. కాకినాడ పక్కన కోరంగి అప్పట్లో పెద్ద ఓడరేవు, 1839 తుఫానుకు సర్వనాశనమైంది. ఆ రేవు పేరుమీదే రంగూన్‌లో తెలుగు కూలీలందరూ 'కోరంగీ'లయ్యారు. 1930 మేలో రంగూన్ రేవులో సమ్మె చేసిన తెలుగు కూలీల చోట బర్మీయులను పెట్టుకుని, సమ్మె ముగియగానే వాళ్లను తీసేయడంతో అల్లర్లు చెలరేగాయి. కోరంగీలను వెతికి మరీ చంపారు. ఇద్దరు పేదల మధ్య చిచ్చు పెట్టిన యజమానులకు ఏ తిట్టుపేరూ రాలేదు.

కెలింగ్ అన్న మాట గాయపరుస్తుందని మనవాళ్లు ఎప్పుడో చెప్పారు. సింగపూరులో క్లింగ్ స్ట్రీట్ పేరు 1920ల తొలినాళ్లలోనే చూలియా స్ట్రీట్ అయింది. ఇండోనేషియాలో మెదాన్ నగరపు కంపుంగ్ కెలింగ్ ఇప్పుడు కంపుంగ్ మద్రాస్. మలేషియాలో ప్రభుత్వ భాషాసంస్థ వెలువరించే నిఘంటువులోని ఈ మాటపైనా, దానితో అల్లిన పలుకుబళ్లపైనా 2003లో భారతీయులు కోర్టుకెక్కారు. వాళ్లకు ఎదురయ్యే వాదన ప్రతిసారీ ఒకటే: ఇది ప్రాచీన పదం, గౌరవనీయమైన పదం, కళింగం నుంచి వచ్చింది, ఇందులో తప్పేముంది?

ఈ వాదన నాకు ససేమిరా నచ్చదు. మాట పుట్టినప్పటి అర్థంతోనే జీవితాంతం బతకదు. రబ్బరు తోట కూలీ మనవరాలిని ఎవరైనా కెలింగ్ అంటే, అన్నవాడి మనసులో మణి పురిందన్ లేడు, ఆమె చెవికి కృష్ణరాయలూ వినిపించడు. పదం ఎంత పాతదో చెప్పి ఆమెను ఊరుకోమనడం ఆ తిట్టును మళ్లీ తిట్టడమే. అలాగని పాత పుస్తకాల నుంచీ, శాసనాల నుంచీ, మసీదు పేరు నుంచీ దాన్ని తుడిచేయమనడం కూడా నాకు సమ్మతం కాదు. తుడిచేస్తే ఆ నేల మీద మనవాళ్లు సంకెళ్లతో దిగకముందు నాలుగైదు వందల ఏళ్లు రేవులు నడిపారన్న సాక్ష్యమే పోతుంది. నిఘంటువు ఆ పదాన్ని ఉంచాలి. మనిషిని ఉద్దేశించి అంటే అవమానమని అక్కడే ముద్ర వేయాలి. పక్కనే అది ఎందుకు అవమానమైందో, ఎవరి తోటల్లో అలా అయిందో కూడా రాయాలి.

మన వైపూ ఒక బాకీ ఉంది. కళింగ నావికులు జావాకు వెళ్లారని మనం సభల్లో ఘనంగా చెప్పుకుంటాం. బగాన్ దతో తోటల పేరు మాత్రం ఆ ఉపన్యాసాల్లో రాదు. ఆ రెండు ప్రయాణాలూ ఒకే తీరం నుంచి మొదలయ్యాయి. కెలింగ్ అన్న పిలుపు ఆ రెండో ప్రయాణం చేసినవాళ్ల పిల్లల మీద ఇంకా పడుతూనే ఉంది.