ముందు తోచింది ఎవరికి?

మొన్న బాసరలో మా తమ్ముడి కొడుక్కి అక్షరాభ్యాసం. పూజారిగారు చెయ్యి పట్టి పలక మీద దిద్దించబోతే, వాడు చెయ్యి లాక్కుని, "నాకు ముందే వచ్చు!" అన్నాడు. "సాక్ష్యమేదిరా?" అన్నాడు మా తమ్ముడు. అందరం నవ్వాం. ఆ ప్రశ్న మాత్రం గోదావరి ఒడ్డుదాకా నన్ను వదల్లేదు.

ఈ తగువు మహామహులకే తప్పలేదు మరి. 1996 జూలైలో స్కాట్లండ్‌లోని రోజ్లిన్ సంస్థలో డాలీ అనే గొర్రెపిల్ల పుట్టింది. ఓ పెద్ద గొర్రె పొదుగులోని కణంతో పుట్టించిన ప్రతిరూపం. క్లోనింగ్ విద్య ముందు మాదంటే మాదని అమెరికా పేటెంటు కార్యాలయంలో రోజ్లిన్ పక్షమూ, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పక్షమూ వాదులాడుకున్నాయి. 2013 దాకా అక్కడి చట్టం, దరఖాస్తు ముందు పెట్టినవాడికి కాదు, ముందు కనిపెట్టినవాడికే హక్కు ఇచ్చేది. కాని "నాకే తోచింది" అని తనంతట తాను చెప్పుకుంటే చాలదు. తేదీ వేసిన నోటుబుక్కు, చూసినవాడి సంతకం లాంటి ఆధారం కావాలి.

ఒకే ఇంట్లోనూ లెక్క తేలదు. డాలీ వ్యాసంలో మొదటి పేరు ఇయాన్ విల్మట్‌ది. ఆయనే 2006లో ఒక ట్రిబ్యునల్ ముందు, ఆ ఘనతలో 66 శాతం కీత్ కాంప్‌బెల్‌దేనని ఒప్పుకున్నాడు. అడిగితేగాని బయటపడని నిజమన్నమాట!

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి ఇంకా బాధ. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లోని ఏటీపీని కనుగొన్నారు. వాళ్ళ వ్యాసం 1929 అక్టోబరులో వచ్చింది. జర్మనీలో కార్ల్ లోమన్ వ్యాసం ఆగస్టులోనే వచ్చేసింది! ఎవరి గాజుగొట్టంలో ముందు తేలితేనేం, అచ్చులో ముందున్నది లోమన్.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లోనే తగిలింది. అక్కడ ఆయనతో పనిచేసి, తర్వాత 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ మాటల్లో చెప్పాలంటే, సుబ్బారావు వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే, అసూయతోనే కాబోలు, వెలుగు చూడనివ్వలేదు. ఏళ్ళు గడిచాక వాటిని వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టుకోవలసి వచ్చింది. సాక్షి దొరికాడు గాని, పేరు పోయాక దొరికాడు.

వ్యాసుడు ఈ బాసరలోనే తపస్సు చేశాడంటారు. ఎంత ముందుచూపో చూడండి! భారతం తాను చెబుతూ, వినాయకుడిచేత రాయించాడు. తోచింది ఒకరికి, రాసింది ఇంకొకరు. ఇక తగువెక్కడిది? సుబ్బారావుగారికి అలాంటి వినాయకుడు దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో చూస్తే, మావాడు తడిచేత్తో పలకంతా తుడిచేశాడు.

"రాశావనడానికి సాక్ష్యమేదిరా ఇప్పుడు?" అన్నాను.

వాడు తడుముకోలేదు. వేలు నావైపే చూపించి, "అత్త చూసిందిగా!" అన్నాడు.