పాట పక్కన పేరు

కువైత్‌లో కాపురం, తెలుగు పాటలతో కాలక్షేపం. షర్క్‌లో ఉంటూ నా దగ్గరున్న పాటలన్నిటికీ ఒక పట్టిక రాసుకుందామని కూర్చున్నాక తెలిసొచ్చింది: పాటలు పోగేయడం తేలిక, వాటి పక్కన పేర్లు సరిగా రాయడమే కష్టం. కేసెట్లనుంచి ఎక్కించినవి, స్నేహితులు పెన్‌డ్రైవులో ఇచ్చినవి, ‘ట్రాక్ 01’ అన్న పేరు తప్ప ఇంకే ఆనవాలూ లేనివి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

ఈ చిక్కుల్లో సగం 1996లో పుట్టాయి. ఎం.పి.3 ఫైలులో పాట వివరాలు రాసుకునే చోటు మొదట్లో లేదు. ఎరిక్ కెంప్ అనే ఆయన ఫైలు చివర 128 బైట్ల తోక ఒకటి తగిలించాడు. దాని పేరు ఐ.డి.3. గుర్తుకి 3 బైట్లు, పాట పేరుకి 30, కళాకారుడికి 30, ఆల్బమ్‌కి 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకి 30, పాట రకానికి 1. అంతే. యూనికోడ్ తెలుగుని యు.టి.ఎఫ్.-8లో రాస్తే ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు కావాలి. రెండోసారి ‘స్త్రీ’ అనేలోపు గడి నిండిపోతుంది. పాట రకాలకి మొదట ఇచ్చిన 80 పేర్లలో పోల్కా ఉంది. కర్ణాటక సంగీతం లేదు, హరికథ లేదు. తరవాతి రూపాల్లో చోటు పెరిగింది, తెలుగూ పట్టింది. కానీ ‘కళాకారుడు’ అనే ఆ ఒక్క గడి మన నెత్తిన అలాగే ఉండిపోయింది. మన సినిమా పాటకి రాసినవారు, వరస కట్టినవారు, పాడినవారు, తెరమీద పెదవులు కదిపినవారు వేరువేరు. ఆ గడిలో ఎన్.టి. రామారావు పేరున్న పాటలు నా దగ్గరే చాలా ఉన్నాయి.

ఇది కంప్యూటర్లతో వచ్చిన జబ్బు కాదు. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు ఇచ్చినప్పుడు పాట చివర తన పేరు ఇంగ్లీషులో తనే చెప్పింది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలోని హనోవర్‌లో కాబట్టి, అక్కడివాళ్ళు లేబులు సరిగా అతికించడానికి ఆ ఏర్పాటు అంటారు. అంటే వివరం పాట కడుపులోనే ఉందన్నమాట, ఎవరూ చెరపలేరు. దాదాపు యాభై ఏళ్ళ తరవాత, ‘మహల్’ (1949) రికార్డు మీద గాయని పేరు ‘కామిని’ అని వేశారు. కామిని సినిమాలో పాత్ర. పాడింది లతా మంగేష్కర్.

మన దగ్గరికొస్తే, ‘మాయాబజార్’ (1957) సంగీతం గడిలో ఘంటసాల అని రాసి ఊరుకోవచ్చు. సినిమాలోనూ ఆ పేరే ఉంది. కానీ ముందు పని మొదలుపెట్టింది సాలూరి రాజేశ్వరరావు. నాలుగు పాటలకి వరసలు కట్టి ఆయన తప్పుకున్నారు. వాటికి వాద్యాలు సమకూర్చి రికార్డు చేయించి, మిగిలినవాటికి వరసలు కట్టింది ఘంటసాల. ఒక్క పేరు పట్టే గడిలో ఈ కథ ఎలా పడుతుంది? ‘మల్లీశ్వరి’ది ఇంకో తమాషా. 1951 నాటిది రాజేశ్వరరావుది, 2004 నాటిది ఆయన కొడుకు కోటిది. సినిమా పేరొకటే, ఇంటిపేరూ ఒకటే. తేడా చెప్పేది సంవత్సరం ఒక్కటే. తీరా చూస్తే పాత పాటల సంకలనం వెలువడిన సంవత్సరాన్నే పాట పుట్టిన సంవత్సరంగా వేసిన ఫైళ్ళు బోలెడు.

ఇవన్నీ సరదా చిక్కులే అనుకునేవాణ్ణి. కాదని చెప్పే కథ నేనుంటున్న ఊరిదే.

సాలిహ్ (1908), దావూద్ (1910) కువైత్‌లో పుట్టిన యూదు అన్నదమ్ములు. వ్యాపారం పనిమీద ఇండియా వెళ్ళొచ్చిన మేనమామో బాబాయో ఒకరికి వయొలిన్, ఒకరికి ఊద్ తెచ్చిచ్చాడట. ఆ రోజుల్లో ఇక్కడి ముత్యాల వర్తకులకి బొంబాయి పొరుగూరు లాంటిది. 1961దాకా ఇక్కడ చెలామణీ కూడా రూపాయల్లోనే. చిన్నప్పుడే ఇక్కడి పెద్దల ముందు వాయించి పేరు తెచ్చుకున్న ఈ అన్నదమ్ములు తరవాత ఇరాక్ వెళ్ళి ‘అల్-కువైతీ’ అనే ఊరిపేరుతోనే ప్రసిద్ధులయ్యారు. సాలిహ్ కట్టిన వరసని 1930లలో ఉమ్ కుల్సూమ్ పాడింది. 1936లో మొదలైన బాగ్దాద్ రేడియోలో వాద్యబృందాన్ని నడిపిందీ ఆయనే. 1951లో ఇద్దరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు.

పాటలు మాత్రం ఇరాక్‌లోనే ఉండిపోయాయి. జనం వాటిని మానలేదు, రేడియో మానలేదు. మానింది పేర్లని. వరస ఎవరిదన్న చోట వాళ్ళ పేర్లు తీసేసి ‘జానపదం’ అని వేశారు. పాటని నిషేధించి ఉంటే గొడవయ్యేది, ఎవరిదని ఎవరో అడిగేవారు. జానపదం అన్నాక ఇక అడగడానికేమీ లేదు. దావూద్ 1976లో, సాలిహ్ 1986లో పోయారు. 2011లో దావూద్ మనవడు దుదు తాసా ఆ పాటల్ని మళ్ళీ పాడి, ఆల్బమ్ పేరులోనే ‘కువైతీలు’ అని పెట్టాడు.

ఇది చదివాక నా పట్టికలో ‘జానపదం’ అని నేను రాసుకున్నవన్నీ మళ్ళీ తిరగేశాను. 1925లో పుస్తకంగా వచ్చిన నండూరి సుబ్బారావుగారి ఎంకి పాటలనే జానపదాలనుకునేవాళ్ళు మనలో ఎంతమంది లేరు! అక్కడ ఎవరి దురుద్దేశమూ లేదు, ఒట్టి మరుపు. కానీ గడిలో చేరాక కుట్రకీ మరుపుకీ ఫలితం ఒకటే.

అందుకని ఇప్పుడు రెండు మాటల్ని వేరుగా వాడుతున్నాను. ఊరు ఊరంతా తరతరాలుగా పాడుకుంటూ వచ్చిందని తెలిస్తేనే ‘జానపదం’. కర్త ఎవరో నాకు తెలియకపోతే ‘తెలియదు’. ‘తెలియదు’ అని ఉంటే ఎవరైనా ఎప్పుడైనా వెతుకుతారు. మీ దగ్గర పాత పాటలుంటే, కనీసం ఆ గడి ఒక్కటీ ఓసారి చూడండి.